5జీ ఫుల్, వీడియో కాల్ స్ట్రక్: తప్పు ఫోన్‌ది కాదు, జంక్షన్‌ది!

“ఏరా, ఈ ఫోన్ పని అయిపోయింది. ఇరవై వేలల్లో మంచిదొకటి చెప్పు.” పర్చూరు దగ్గర మా ఊరి నుంచి బాబాయ్ ఫోన్. కల్లంలో ఆరబోసిన తేజ కాయల రంగు గుంటూరు కమీషన్ ఏజెంట్‌కి వీడియో కాల్‌లో చూపించాలి. ఆయన చూసి సరే అంటేనే టిక్కీలు లారీ ఎక్కుతాయి. కానీ రాత్రి ఏడు దాటితే వీడియో స్ట్రక్. ఎర్రటి కాయ మసక గళ్లలా కనిపిస్తోందట.

కొత్త మోడల్ పేరు చెప్పడం రెండు నిమిషాల పని. కానీ కొనిపించే ముందు టెస్ట్ చేద్దామని ఆదివారం ఊరెళ్లాను.

టెస్ట్‌లో తేలిందేంటి?

సిగ్నల్ ఫుల్. స్పీడ్ టెస్ట్ సూపర్. అదే నెట్‌వర్క్‌లో ఉన్న నా రెండో ఫోన్‌కి కాల్ చేస్తే వీడియో అద్దంలా ఉంది. ఏజెంట్‌ది వేరే నెట్‌వర్క్. ఆయన తన నెట్‌వర్క్ వాళ్లతో మాట్లాడితే ఏ ఇబ్బందీ లేదు. వీళ్లిద్దరూ మాట్లాడుకుంటేనే తంటా! అంటే రెండు ఫోన్లూ బాగానే ఉన్నాయి, టవర్లూ బాగానే ఉన్నాయి. అనుమానమంతా రెండు నెట్‌వర్క్‌లు కలిసే చోటు మీదే.

మరి స్పీడ్ టెస్ట్ ఎందుకు పట్టుకోలేదు? చాలాసార్లు ఆ యాప్ మీ ఆపరేటర్ సర్వర్‌నే ఎంచుకుంటుంది. డేటా అసలు జంక్షన్ దాటదు.

జంక్షన్ సంగతి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డ్ గేటు చూశారా? హైవే మీద లారీ దూసుకొస్తుంది, గేటు దగ్గర గంటలు నిలబడుతుంది. డేటా కథా అంతే. రెండు ఆపరేటర్ల నెట్‌వర్క్‌లు కలిసే లింక్ హైదరాబాద్, చెన్నై, ముంబై లాంటి నగరాల్లో ఉండొచ్చు. ఫైబర్‌లో కాంతి 1,000 కిలోమీటర్లకి సుమారు 5 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది. పర్చూరు నుంచి ముంబై వెళ్లి గుంటూరు రావాలంటే సుమారు 2,000 కిలోమీటర్లు, రానుపోను పింగ్‌కి 20 మిల్లీ సెకన్లు కలుస్తాయి. దీన్ని భరించొచ్చు. కానీ రాత్రి పూట ఆ లింక్ నిండిపోతే ప్యాకెట్లు రాలిపోతాయి. వీడియో ఆగేది అక్కడే.

కాల్స్‌కి రూల్ ఉంది, డేటాకి?

మామూలు వాయిస్ కాల్స్ విషయంలో ట్రాయ్ గట్టిగానే ఉంది. నెట్‌వర్క్‌లు కలిసే పాయింట్ దగ్గర రద్దీ వల్ల ఫెయిలయ్యే కాల్స్ 0.5 శాతం దాటకూడదని ప్రమాణం పెట్టింది. 2016లో జియో వచ్చినప్పుడు వేరే నెట్‌వర్క్‌లకి చేసే ప్రతి 100 కాల్స్‌లో 75కి పైగా ఫెయిలవుతున్నాయని జియో ఫిర్యాదు చేసింది. ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలపై మొత్తం 3,050 కోట్ల జరిమానాకి అక్టోబర్‌లో ట్రాయ్ సిఫార్సు చేసింది. ఆ కంపెనీలు ఆరోపణల్ని ఒప్పుకోలేదు. తర్వాత 2018 రెగ్యులేషన్స్‌లో, ఒక కంపెనీ అడిగితే 30 రోజుల్లోగా ఇంటర్‌కనెక్షన్ ఒప్పందం చేసుకోవాలని ట్రాయ్ తేల్చింది. అవతలి నెట్‌వర్క్‌కి కట్టే చార్జీ కూడా నిమిషానికి 14 పైసల నుంచి 2017 అక్టోబర్‌లో 6 పైసలకి దిగింది, 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది.

డేటా దగ్గర ఇంత పట్టు లేదు. ప్రొవైడర్లు ఒకేచోట కలిసేందుకు 2003లో నిక్సీ ఏర్పడింది. కానీ ఎవరితో, ఎంత కెపాసిటీతో కలవాలన్నది ఎక్కువగా కంపెనీల మధ్య ఒప్పందమే. లింక్ నిండితే పెంచే ఖర్చు ఎవరిదన్న బేరం నడుస్తుంటే, మనం మాత్రం ఫోన్‌ని తిట్టుకుంటాం.

అలాగని చార్జీల రూల్ పెడితే సరిపోతుందా? దక్షిణ కొరియాలో 2016 నుంచి నెట్‌వర్క్‌లు పంపే ట్రాఫిక్‌ని బట్టి ఒకదానికొకటి డబ్బు కట్టాలి. అక్కడ నెట్‌వర్క్ ఫీజులు మరీ ఎక్కువంటూ ట్విచ్ 2024 ఫిబ్రవరిలో ఆ దేశం వదిలేసింది. నా మటుకు, రేటు కట్టడం కన్నా ముందు లెక్క బయటపెట్టాలి. రద్దీ వేళల్లో ఏ జంక్షన్ ఎంత నిండిందో ఆపరేటర్లు చూపించేలా ట్రాయ్ చేస్తే చాలు, సగం సమస్య తీరుతుంది.

ఫోన్ మార్చే ముందు ఇవి చేయండి

1. స్పీడ్ టెస్ట్‌లో వేరే ఆపరేటర్ సర్వర్‌ని మీరే ఎంచుకుని, రాత్రి 8–10 మధ్య టెస్ట్ చేయండి.

2. అదే నెట్‌వర్క్‌కి ఒకసారి, వేరే నెట్‌వర్క్‌కి ఒకసారి వీడియో కాల్ చేసి పోల్చండి.

3. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, కాల్స్‌లో ఐపీ అడ్రస్ దాచే ఆప్షన్ ఆన్ చేసి చూడండి. కాల్ వాట్సాప్ సర్వర్ల మీదుగా వెళ్తుంది, దారి మారుతుంది. క్వాలిటీ తగ్గే అవకాశమూ ఉంది, కాబట్టి రెండు రకాలుగా ట్రై చేయండి.

బాబాయ్ కొత్త ఫోన్ కొనలేదు. ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో ఏజెంట్ నెట్‌వర్క్ సిమ్ వేశాం. ఆ రాత్రే కాయ రంగు ఎర్రగా కనిపించింది. ఇరవై వేలు మిగిలాయి. కానీ ఒక్క వీడియో కాల్ కోసం రైతు రెండు రీచార్జ్‌లు చేయాల్సి రావడం పరిష్కారం కాదు, సర్దుబాటు మాత్రమే.