మాధుకరముతో పెరిగిన గానము



మన ఎర్రగుంట్ల ప్రాంతమున పద్యనాటకము నెరుగని పెద్దలు అరుదు. హార్మోనియము మ్రోగుచుండగా నటుడు ఒక్క పాదమును పట్టి రాగమును సాగదీయుట, జనులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేయుట, ఆతడు మరల ఆ పద్యమునే యెత్తుకొనుట మీకు తెలిసినదే. ఆ ముచ్చట గొప్పదే. కాని రాగము ముగియునప్పటికి పద్యములోని మాట యేమైనదో తెలియకపోవుటయు కలదు. మాట చెడకుండ, భావము తొలగకుండ పద్యమును పాడి యింటింటికి చేర్చిన గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు. ఆయన కథను నేడు ముచ్చటించుకొందము.

ఘంటసాల 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడకు చేరువనున్న చౌటపల్లిలో జన్మించెను. తండ్రి సూరయ్యగారు తరంగములు పాడుచుండ బాలుడు నర్తించెడివాడు. పసితనమందే తండ్రి గతించెను. సంగీతము నేర్వవలెనను కోరిక మిగిలినది. చేత పైకము లేదు. వ్రేలి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరెనని చెప్పుదురు. అచ్చట పట్రాయని సీతారామశాస్త్రిగారు శిష్యునిగా స్వీకరించిరి. గురువుగారును కలిమిగలవారు కారు. కావున విద్య గురువుగారి యింట, అన్నము ఊరివారి యిండ్ల. జోలె కట్టుకొని గడపగడపకు పోయి అడిగి తెచ్చుకొనుటకు మాధుకరమని పేరు. తుమ్మెద యొక్కొక్క పువ్వున నొక్కొక్క తేనెబొట్టు గైకొన్నట్లు, ఏ యింటికిని భారము కాకుండ పలుయిండ్ల పిడికెడు గ్రహించుట దాని ధర్మము. ఆ పిడికెడు పెట్టిన యిల్లాండ్రకు ఈ బాలుడు రేపేమగునో తెలియదు. ఆకొన్న విద్యార్థియని మాత్రమే పెట్టిరి.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని, మనకు పొరుగుననున్న బళ్ళారి అలీపురము జైలులో శిక్ష ననుభవించెను. తరువాత సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహమున మద్రాసు చేరెను.

అది సినిమాపాట త్రోవ మారుచున్న కాలము. అంతకుముందు చిత్తూరు నాగయ్యగారివలె నటులే తమ పాట తాము పాడుకొనుచుండిరి. పిమ్మట ఒకరు పాడుట, మరియొకరు పెదవులు కదలించుట వాడుకైనది. నాటకమున నటుడు చివరి వరుసవానికి వినబడునట్లు గొంతెత్తవలెను. మైకు ముందట ఆ అక్కర లేదు. నిట్టూర్పు సైతము దానికి చిక్కును. ఘంటసాల ఈ కీలకమును చక్కగ గ్రహించెను. రాగమును మితము చేసి, మాటకు పెద్దపీట వేసెను. నందమూరి తారకరామారావుకు పాడునప్పుడు ఆయన తీరున, అక్కినేని నాగేశ్వరరావుకు పాడునప్పుడు వీరి తీరున గొంతును మలచెను. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ గ్రామఫోను పలకపై ఆయన గొంతున పలికి, చదువురానివారికి సైతము పద్యమును చేరువ చేసెను.

ఈ కంఠము కృష్ణాతీరమున పుట్టినను, దానికి వేదిక కల్పించినవారిలో మన సీమవారు ముఖ్యులు. 1945 నాటి ‘స్వర్గసీమ’లో ఆయన పాడెను, ఆ చిత్రమును తీసినది పులివెందుల ప్రాంతమువారైన బి.ఎన్. రెడ్డిగారు. వారి తమ్ముడు నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి నడపిన విజయాసంస్థకు తాడిపత్రి ప్రాంతపు కె.వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన ‘పాతాళభైరవి’ 1951లో వెలువడినది. దానికి సంగీతము కూర్చినది ఘంటసాలయే. 1957 నాటి ‘మాయాబజారు’ పాటలలోను ఆయన చేయి కలదు.

1970లో ప్రభుత్వమువారు పద్మశ్రీ బిరుదమిచ్చిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో ఆయన కన్నుమూసెను. అప్పటికి వయస్సు ఏబదియొక్క యేండ్లే.

కడపటి దినములలో ఆయన భగవద్గీతా శ్లోకములను తెలుగు తాత్పర్యముతో పాడెను. నేటికిని మన పల్లెలలో ఎవరైన గతించినచో, ఆ యింటి ముంగిట వినబడునది ఆ గానమే. ఒకనాడు జోలెతో పరుల గడపల నిలిచిన బాలుని కంఠము, నేడు దుఃఖమున మునిగిన గడపకు అడుగకయే వచ్చి ఓదార్చుచున్నది. నాటి పిడికెడు మెతుకుల ఋణము ఇట్లు తీరుచున్నదని నాకు తోచును.

మనది వానలు తప్పు సీమ. గాదెలు నిండని యేండ్లు మనకు క్రొత్త కావు. అయినను ఊరిలో పాటయందు ఆసక్తిగల బీదబిడ్డ కనబడినచో, ఈ కథను ఒక్కమారు తలచుకొనుడు. పిడికెడు పెట్టుటకు గాదె నిండియుండ నక్కరలేదు.