పెన్సిలే పెట్టుబడి!

ఇంజినీరింగ్ పట్టా లేదు. ఒకటో తారీఖున చేతికొచ్చే జీతం లేదు. ఉన్నదల్లా ఇంట్లో ఓ బల్ల, ఓ సోల్డరింగ్ ఐరన్, చేతిలో పెన్సిల్. వాటినే నమ్ముకుని సంసారం నడిపారు అమెరికాకు చెందిన ఫారెస్ట్ మిమ్స్. చివరికి నాసా ఉపగ్రహం లెక్కలోనే తప్పు పట్టుకున్నారు!

1980ల్లో అమెరికాలోని రేడియోషాక్ దుకాణాల్లో ట్రాన్సిస్టర్లూ బ్యాటరీలతోపాటు ఓ పల్చటి పుస్తకమూ అమ్మేవారు. పేరు 'గెటింగ్ స్టార్టెడ్ ఇన్ ఎలక్ట్రానిక్స్'. తెరిచి చూస్తే పేజీలన్నీ చేతిరాతే, బొమ్మలన్నీ చేత్తో గీసినవే. శ్రద్ధగా చదువుకునే కుర్రాడి నోట్సులా ఉంటుంది. 1983లో వచ్చిన ఆ 128 పేజీల పుస్తకాన్ని మిమ్స్ 54 రోజుల్లో పూర్తిచేశారు. అమ్ముడైన ప్రతులు 13 లక్షల పైమాటే!

ఇంతకీ ఆయన ఏం చదివారనుకుంటున్నారు? పాలనా శాస్త్రం. 1944లో పుట్టిన మిమ్స్ 1966లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం నుంచి ఆ డిగ్రీ తీసుకున్నారు. ఎలక్ట్రానిక్స్ మాత్రం సొంతంగా చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్నదే.

ముత్తాత కోసం మొదలై...

మిమ్స్ ముత్తాతకు చూపు లేదు. అలాంటివాళ్లకు దారి చూపే పరికరం చేయాలన్న ఆలోచన ఆయనకు కాలేజీ రోజుల్లోనే వచ్చింది. కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లే ఎల్ఈడీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆ కాంతి ఎదురుగా ఉన్న గోడకో చెట్టుకో తగిలి వెనక్కి వస్తే చెవిలో శబ్దం వినిపించేలా చిన్న పరికరం తయారుచేశారు. వైమానిక దళంలో చేరి వియత్నాం వెళ్లినప్పుడు దాన్నీ వెంట తీసుకెళ్లి, సైగాన్‌లోని అంధ బాలల చేత వాడించి చూశారు.

ఆయనకు మరో సరదా... బొమ్మ రాకెట్లు. రాత్రిపూట ఎగరేసిన రాకెట్ ఎక్కడుందో తెలిసేలా మిణుకుమిణుకుమనే ఓ దీపాన్ని తయారుచేసి, దాని గురించి 'మోడల్ రాకెట్రీ' పత్రికకు రాశారు. 1969లో అచ్చయిన ఆ వ్యాసానికి అందిన పారితోషికం 93 డాలర్ల 50 సెంట్లు. చేసిన వస్తువు ఒకసారే పనికొస్తుంది, ఎలా చేయాలో రాస్తే వేలమందికి పనికొస్తుంది... పైగా డబ్బులూ వస్తాయి! బతుకుతెరువు దొరికింది.

చేజారిన కోట్లు, చేతికొచ్చిన కంప్యూటర్

అదే ఏడాది న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో ఎడ్ రాబర్ట్స్ అనే స్నేహితుడితోనూ మరికొందరితోనూ కలిసి 'మిట్స్' అనే చిన్న కంపెనీ పెట్టారు. రాకెట్ల కోసం ఎలక్ట్రానిక్ కిట్లు అమ్మడం వాళ్ల పని. అమ్మకాలు అంతంతమాత్రం. మిమ్స్ మనసేమో రాయడం మీదే ఉంది. కొన్నాళ్లకే కంపెనీ వదిలేశారు. 1970ల ఆరంభంలో సైనికోద్యోగానికీ సెలవు చెప్పి, పూర్తిస్థాయి రచయితగా మారిపోయారు.

ఆ తర్వాత ఏమైంది? 1975 జనవరిలో అదే మిట్స్ నుంచి 'ఆల్టెయిర్ 8800' వచ్చింది. ఇంట్లో కూర్చుని బిగించుకోగలిగే ఆ కంప్యూటర్ కిట్ ధర 400 డాలర్లలోపే. జనం ఎగబడ్డారు. దానికి ప్రోగ్రామింగ్ భాష రాయడానికే బిల్ గేట్స్, పాల్ అలెన్ ఆల్బకర్కీ చేరారు. మైక్రోసాఫ్ట్ పుట్టింది అక్కడే. మరి మిమ్స్‌కు దక్కిందేమిటి? ఆల్టెయిర్ వాడే విధానాన్ని వివరిస్తూ పుస్తకం రాసిచ్చినందుకు... ఓ ఆల్టెయిర్! 1987లో దాన్ని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు.

ఒక్క ప్రయోగం... నాలుగు దారులు

ఈ వృత్తిలో ఓ వ్యాసానికి డబ్బు ఒక్కసారే వస్తుంది. ఆ ఒక్క వ్యాసం వెనకేమో రోజుల తరబడి శ్రమ. విడిభాగాలు కొనాలి, సర్క్యూట్ కట్టాలి, పనిచేయకపోతే విప్పాలి, మళ్లీ కట్టాలి. అందుకే బల్లమీద చేసిన ఏ ప్రయోగమూ వృథా పోకూడదు. నోట్సులో రాసుకున్నదే పత్రికలో శీర్షిక అవ్వాలి, శీర్షిక పుస్తకమవ్వాలి. మిమ్స్ చేసింది అదే. ఆయన ప్రయోగాల నోట్సు చూసి ముచ్చటపడ్డ రేడియోషాక్ ఎడిటర్, పుస్తకాన్ని ఆ చేతిరాతతోనే వేద్దామన్నారు. అలా వచ్చిందే 1979 నాటి 'ఇంజినీర్స్ నోట్‌బుక్'.

అలాగని అన్నీ పూలబాటలే కావు. 1975 నుంచి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్'లో ఆయన నెలనెలా శీర్షిక రాశారు. తర్వాత పేరు మార్చుకున్న ఆ పత్రిక 1985లో మూతపడింది. ఔత్సాహికుల కోసం 'సైంటిఫిక్ అమెరికన్' నడిపే శీర్షికను అందుకోవాలన్నది ఆయన చిరకాల కోరిక. మూడు వ్యాసాలు అచ్చయ్యాయి కూడా. కానీ, జీవపరిణామ సిద్ధాంతాన్ని ఆయన నమ్మరని తెలిశాక ఆ అవకాశం చేజారింది. 1990లో దానిమీద పెద్ద దుమారమే రేగింది.

ఇంటి పెరట్లోంచి ఆకాశానికి

శీర్షిక పోతేనేం, దానికోసం మొదలుపెట్టిన ప్రయోగాలు మిగిలాయి. టెక్సస్‌లోని సెగీన్ దగ్గర తన ఇంటి నుంచే 1990లో ఓజోన్ పొరను కొలవడం మొదలుపెట్టారు. అరచేతిలో ఇమిడే పరికరం... సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల్లో రెండు రకాలను వేరుచేసి చూస్తుంది. ఓజోన్ ఒకదాన్ని ఎక్కువగా, మరోదాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. ఆ తేడాతో పొర మందం తెలుస్తుంది.

1992లో ఆయన కొలతలకీ నాసా నింబస్-7 ఉపగ్రహం చెప్పే అంకెలకీ పొంతన కుదరలేదు. ఎవరైనా తన పరికరాన్నే అనుమానిస్తారు. కానీ, మిమ్స్ దగ్గర అలాంటివి రెండున్నాయి. రెండూ ఒకే మాట చెబుతున్నాయి! తప్పు ఉపగ్రహానిదేనని తర్వాత తేలింది. 1993లో ఆ సంగతి 'నేచర్' పత్రికలో అచ్చయింది. అదే ఏడాది రోలెక్స్ పురస్కారమూ వచ్చింది.

ఎల్ఈడీ వెలుగునిస్తుందని అందరికీ తెలుసు. అదే ఎల్ఈడీ వెలుగును పసిగట్టగలదని కూడా గుర్తించి, వాతావరణంలోని పొగమంచునూ ధూళినీ కొలిచే చవకైన పరికరాలు చేశారాయన. ఆ పద్ధతి తర్వాత 'గ్లోబ్' కార్యక్రమం ద్వారా బడిపిల్లల చేతుల్లోకీ వెళ్లింది. ఆనాడు ముత్తాత లాంటివాళ్ల కోసం పట్టుకున్నదీ ఆ చిన్న ఎల్ఈడీనే మరి!