పురుగు నేర్పిన కోత

"సార్, మా తాత రంపానికి పండ్లు సూదుల లెక్క ఉంటయి. దీనివేంది, కొక్కేల లెక్క వంగినయి?"

అడిగిన పిల్లవాడు వడ్రంగుల ఇంటివాడు. ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెబుతూ, చూపిద్దామని పట్టుకెళ్ళిన గొలుసు అది. చెట్లు కోసే పెట్రోల్ మిషన్‌ది. నల్లగొండలో పాత సామాన్ల కొట్టులో మూడున్నర వేలకు కొన్నాను. స్టిల్ 070 రకం, 106 సీసీ ఇంజను. కొన్న కారణం అడగొద్దు. ఇంట్లో అడిగారు, చెప్పలేకపోయాను.

తాడు లాగితే కదల్లేదు. విప్పి చూస్తే పిస్టన్ బోరుకు అతుక్కుపోయి ఉంది. ఎవరో వట్టి పెట్రోలు పోసి నడిపారు. ఈ రకం టూ స్ట్రోక్ ఇంజనుకు విడిగా నూనె తొట్టి ఉండదు. పెట్రోలుతో కలిసి వెళ్ళే నూనే దానికి ప్రాణం, ఇలాంటి పాతవాటికి లీటరుకు 40 మిల్లీలీటర్లు. అది అందక పిస్టన్ అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకు పూసుకుపోయింది. బాత్రూం కడిగే యాసిడ్‌ను దూదితో అద్దితే ఆ పూత నురగలు కక్కుతూ ఊడి వస్తుంది. కాస్త ఏమరుపాటుగా ఉంటే కింది క్రోమ్ పూత కూడా పోతుంది. తలుపులు తీసి, చేతులకు తొడుగులు వేసుకుని రెండు ఆదివారాలు ఆ పనే చేశాను.

తర్వాత కార్బురేటర్. చేతక్ స్కూటర్ తొక్కిన తరానికి ఒక అలవాటు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే బండిని పక్కకు ఒంచి, మళ్ళీ నిలబెట్టి కిక్కు కొట్టేవాళ్ళం. అందులోని కార్బురేటర్‌కు చిన్న గిన్నె, గిన్నెలో తేలే బుడిపె ఉంటాయి. పెట్రోలు నిండితే బుడిపె లేచి దారి మూస్తుంది. బండిని ఒంచితే లెక్క తప్పి పెట్రోలు పొంగి ఇంజనులోకి పోతుంది. మనకు అప్పుడు కావలసిందీ అదే. కానీ చెట్టు కోసేవాడు మిషన్‌ను పక్కకు పడుకోబెడతాడు, ఒక్కోసారి తలకిందులు చేస్తాడు. గిన్నె ఉంటే గోవిందా! అందుకే దీంట్లో గిన్నెకు బదులు ఒక పల్చని పొర పెట్టారు. ఇంజను గాలి పీల్చినప్పుడు ఆ పొర లోపలికి గుంజుకుని ఒక మీటను నొక్కుతుంది, సూది లేచి పెట్రోలు వదులుతుంది. ట్యాంకులోంచి పెట్రోలు తోడే పనిని మరో పొర చూసుకుంటుంది. ఇంజను కింది గదిలో పిస్టన్ కదలికతో పుట్టే ఒత్తిడే దాన్ని కొట్టిస్తుంది. భూమ్యాకర్షణతో నిమిత్తమే లేదు. నా మిషన్‌లో ఆ పొర ఎండిన అప్పడంలా గట్టిపడింది. కొత్తది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికింది.

ఇక పిల్లవాడి ప్రశ్న. చెక్క అంటే నిలువు నారల కట్ట. వెంట చీల్చడం తేలిక, అడ్డంగా తెంచడమే కష్టం. మొదట్లో గొలుసు రంపాలకు వాళ్ళ తాత రంపానికున్నట్టే సూది పళ్ళు పెట్టారు. కొన్ని పళ్ళు నారలను గీరేవి, కొన్ని పొట్టును ఊడ్చేవి. ఇంజను బలం ఎంత పెరిగినా రాలేది పిండే. పళ్ళు ఊరికే మొద్దుబారేవి.

1946లో అమెరికాలోని ఓరెగాన్‌లో జో కాక్స్ అనే కట్టె కొట్టేవాడు దుంగలో ఒక పెంకుపురుగు పిల్లను చూశాడు. అది నారలకు అడ్డంగానూ నిలువుగానూ ఒకే తీరుగా తొలుచుకుపోతోంది. దానికి ఉన్నవల్లా కుడి ఎడమల రెండు వంకర దవడలు. ఆ రెండు దవడలనూ ఉక్కుతో చేసి, గొలుసు మీద ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ బిగించాడు. 1947 నవంబరులో పోర్ట్‌లాండ్‌లోని తన ఇంటి నేలమాళిగ నుంచి ఆ గొలుసు అమ్మకం మొదలుపెట్టాడు.

ఈ పన్ను నాకు ఎంత చూసినా తనివి తీరదు. దాని పక్క అంచు గాడి గోడ వెంట నారలను తెంచుతుంది. పై అంచు, తెగిన నారలను తోపడలా లేపి పెచ్చుగా విసిరేస్తుంది. పంటి ముందు ఎద్దు మూపురంలా చిన్న బుడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతుకు దిగాలో చెప్పేది అదే. నా గొలుసుకు పంటికీ మూపురానికీ ఎత్తులో తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పన్ను లోపలి వంపు గుండ్రం కాబట్టి 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి ఒక్కటుంటే చాలు, రెండు అంచులూ ఒకేసారి పదునెక్కుతాయి. పన్ను పైభాగం వెనక్కి వాలి ఉంటుంది కనుక రాసిన కొద్దీ దాని ఎత్తు తగ్గుతుంది, మూపురాన్ని కూడా ఆ మేరకు తగ్గించాలి. నేను అత్యాశకు పోయి మూపురం ఎక్కువ రాశాను. మొదటి కోతలోనే మిషన్ పొట్టేలులా ఎగిరింది. కాలు వెనక పెట్టి నిలబడ్డాను గనక బతికాను. ఆ గొలుసు పక్కన పడేశాను.

బోర్డు మీద బొమ్మ పూర్తి కాకముందే పిల్లవాడు అందుకున్నాడు: "అంటే సార్, ఒక్క పంట్ల రంపమూ తోపడా రెండూ ఉన్నయన్నట్టు." నేను అరగంటగా చెప్పలేకపోయింది అదే.

మిగతా చరిత్ర కాస్త గబగబా. గొలుసు రంపాన్ని మొదట వాడింది డాక్టర్లు. 1780ల్లో స్కాట్లాండ్‌లో ఎముక కోయడానికి చేతితో లాగేది చేశారు. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ కరెంటు రంపం తెచ్చాడు. మరుసటి ఏడే ఎమిల్ లెర్ప్ పెట్రోల్ రంపాన్ని డోల్మార్ కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. ఎవరు ముందన్నది ఈనాటికీ అభిమానుల తగువు. స్టిల్ 1959లో గేర్లు లేని తేలికపాటి కాంట్రా తెచ్చింది. కానీ ఎవరి మిషన్ అయినా, దాని మీద తిరిగేది పురుగు దవడల వారసత్వమే.

కొత్త గొలుసుతో అసలు పరీక్ష కొల్లాపూర్‌లో. బంధువుల తోటలో ఒక ముసలి మామిడి చచ్చిపోయింది. వాల్టా చట్టం ఉంది కదా, అనుమతి తీసుకునే కోత పెట్టాం. మూడో లాగుకు ఇంజను అందుకుంది. పొట్టు కాదు, పెచ్చులు పడ్డాయి. పదును కుదిరిందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. మొద్దు రెండయ్యాక చూస్తే లోపలంతా వేలు పట్టేంత సొరంగాలు. కాండం తొలిచే పురుగు పని. ఒక దాంట్లో తెల్లటి పురుగు ఇంకా కదులుతోంది. కాక్స్ చూసిన పురుగుది, దీనిది ఒకటే కుటుంబం, పొడుగు మీసాల పెంకుపురుగులది. భూతద్దం తీసి దాని దవడలు చూపిస్తూ నేను కాక్స్ కథ ఎత్తుకున్నాను.

తోట చూసుకునే పెద్దాయన కాసేపు ఓపిగ్గా విన్నాడు. చేతిలో సైకిల్ పుల్ల ఉంది. ఆ తోటలో చెట్టు మొదట్లో పిప్పి కనిపిస్తే చాలు, ఆ పుల్లతో పురుగును గుంజి, కన్నంలో పెట్రోలు దూది పెట్టి మట్టితో మూస్తాడు.

"మంచిగనే ఉన్నది గాని సారూ," అన్నాడు, "మీ అమెరికాయన దీన్ని జూసి మిషన్ చేసిండు. మేమేమో ముప్పై ఏండ్ల సంది చెట్లు పోగొట్టుకుంటున్నం. జరగుండ్రి." పుల్లతో పురుగును లాగి చెప్పు కింద వేసుకున్నాడు.