ఆపిల్ మెసేజ్‌ప్యాడ్

మెసేజ్‌ప్యాడ్ అనునది అమెరికాకు చెందిన ఆపిల్ సంస్థ 1993 ఆగస్టులో విడుదల చేసిన చేతి కంప్యూటరు. దీనిని న్యూటన్ అని కూడా వ్యవహరిస్తారు. తెరపై ప్రత్యేక కలముతో వ్రాసిన ఆంగ్ల చేతివ్రాతను ఇది అచ్చు అక్షరాలుగా మార్చేది.

విమర్శకుల అభిప్రాయాలు

చిరునామాలు, దినచర్య, గమనికలు ఒకేచోట ఉంచాలనే ఆలోచనను పలువురు మెచ్చుకున్నారు. సుమారు 700 డాలర్ల ధర, జేబులో పట్టని పరిమాణము లోపాలుగా పరిగణించబడ్డాయి. ప్రధాన వివాదము చేతివ్రాత గుర్తింపు గురించి. వ్రాసినదానిని ఈ పరికరము తన నిఘంటువులోని పదాలతో పోల్చేది. అందువలన అందులో లేని పేర్లు వేరే పదాలుగా మారేవి. వాడుతున్నకొద్దీ యజమాని వ్రాతకు అలవాటు పడుతుందని సమర్థకులు వాదించారు. అయితే గ్యారీ ట్రూడో వ్యంగ్య చిత్రకథ డూన్స్‌బరీ ఈ పొరపాట్లను అదే నెలలో ఎగతాళి చేసింది.

పర్యవసానము

2.0 కూర్పులో గుర్తింపు ఎంతో మెరుగుపడినా తొలి అపకీర్తి తొలగలేదు. 1996లో వచ్చిన పామ్ పైలట్ సరళీకరించిన అక్షరాలను వాడుకరులకే నేర్పి విజయము సాధించింది. 1998 ఫిబ్రవరిలో ఆపిల్ న్యూటన్‌ను నిలిపివేసింది.