పిల్లికి విషమయ్యే ఇంటి వస్తువులు: ముందుజాగ్రత్తలు, తక్షణ కర్తవ్యం

న్యూఢిల్లీ: దీపావళికి ముందు రాజధాని ప్రాంతంలోని ఇళ్లలో గదులు కడుగుతారు, పెట్టెల్లో దాచిన ఉన్ని దుస్తులను బయటకు తీస్తారు. డెంగీ భయం తగ్గని ఆ రోజుల్లో ఫినాయిల్, కలరా ఉండలు, దోమల మందు, ఎలుకల మందు ఒకేసారి ఇంట్లో పోగుపడతాయి. మనుషులకు నిత్యావసరాలైన ఈ సరుకుల్లో పలు రకాలు పెంపుడు పిల్లుల ప్రాణాలకు ముప్పు తెస్తాయి. నోయిడాలో కుక్కలతో పాటు పిల్లుల నమోదును కూడా తప్పనిసరి చేస్తూ అక్కడి ప్రాధికార సంస్థ 2023 జనవరి 31ని గడువుగా విధించింది. పిల్లి నగర కుటుంబంలో గుర్తింపు పొందిన సభ్యురాలైంది. దాని భద్రత గురించిన అవగాహన మాత్రం ఆ మేరకు పెరగవలసి ఉంది.

పిల్లికే ఎందుకీ ప్రమాదం?

ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది కాలేయం. మనిషి కాలేయం అనేక మందులను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి, నీటిలో కరిగే రూపంలోకి మార్చి, మూత్రం ద్వారా బయటకు పంపుతుంది. ఈ పనికి అవసరమైన ఎంజైములలో ముఖ్యమైనది పిల్లి జాతిలో పనిచేయదు. అందువల్ల మనిషికీ కుక్కకూ హాని చేయని మోతాదు సైతం పిల్లి శరీరంలో విషంగా నిలిచిపోతుంది.

రెండవది నాలుక. పిల్లి మేల్కొని ఉన్న సమయంలో చాలా భాగం ఒళ్లు నాకి శుభ్రపరచుకోవడంలోనే గడుపుతుంది. తడి నేలపై నడిచినప్పుడు పాదాలకంటిన ఫినాయిల్, పూలకుండీ పక్కన బొచ్చుపై రాలిన పుప్పొడి అలా కడుపులోకి చేరుతాయి. పిల్లి విషాన్ని తినకపోయినా నాకుతుంది.

మందుల పెట్టెలో

అన్నింటికన్నా ప్రమాదకరమైనది జ్వరానికి వాడే పారాసిటమాల్. నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇస్తే కిలో బరువుకు 125 మిల్లీగ్రాములు పడినట్లు లెక్క. కిలోకు 50 మిల్లీగ్రాములకు లోపే విషలక్షణాలు కనిపించిన సందర్భాలున్నాయి. రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోతుంది. చిగుళ్లు గోధుమ లేదా బూడిద రంగుకు మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి బరువెక్కుతుంది. పశువైద్యులు ఎన్-ఎసిటైల్‌సిస్టిన్‌ను విరుగుడుగా ఇస్తారు. ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. జలుబుకు వాడే నీలగిరి తైలం, పూజ గదిలోని కర్పూరం కూడా పిల్లికి అందకూడదు.

పూలగుత్తిలో

గాజీపూర్ పూల మార్కెట్ నుంచి నగరమంతటా చేరే పూలగుత్తుల్లో లిల్లీలు ఉంటాయి. అసలైన లిల్లీలలో, వాటిని పోలిన డే లిల్లీలలో ఆకు, పువ్వు, పుప్పొడి, చివరకు కూజాలోని నీరు కూడా పిల్లి మూత్రపిండాలకు విషమే. తొలుత వాంతులు, మందకొడితనం కనిపిస్తాయి. తర్వాత పిల్లి కాస్త కుదుటపడినట్లు తోచవచ్చు. ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు విఫలమవుతాయి. 18 గంటలలోపు సెలైన్ చికిత్స మొదలైతే బతికే అవకాశం మెరుగ్గా ఉంటుంది. పిల్లి ఉన్న ఇంట లిల్లీని ఎత్తులో పెట్టడం చాలదు, అసలు తేకపోవడమే మేలు. మనీప్లాంట్ నోటిలో మంట, చొంగ కలిగిస్తుంది. సైకాస్ మొక్క కాలేయాన్ని ధ్వంసం చేస్తుంది.

దోమలకూ ఎలుకలకూ వాడేవి

కుక్కల గోమార్లకు మెడపై వేసే చుక్కల మందుల్లో కొన్నింట పెర్మెథ్రిన్ అధిక గాఢతలో ఉంటుంది. దాన్ని పిల్లికి వేసినా, మందు వేసిన కుక్కను పిల్లి నాకినా వణుకు, మూర్ఛలు రావచ్చు. దోమల యంత్రంలో వాడే ద్రవపు సీసాలను సైతం దానికి అందకుండా దాచాలి.

ఎలుకల మందులు రెండు తీరులుగా పనిచేస్తాయి. బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. దాని ప్రభావం బయటపడడానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది కనుక, పిల్లి హుషారుగా ఉందని నిశ్చింతగా ఉండరాదు. దీనికి విటమిన్ కె1 చికిత్స వారాల తరబడి సాగవచ్చు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. ఆ పిల్లి చేసుకున్న వాంతి వాసన మనుషులకూ హానికరం. వెంటనే కిటికీలు తెరవాలి. విషం తిన్న ఎలుకను తిన్నా పిల్లికి ముప్పే.

కలరా ఉండలు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉల్లి, వెల్లుల్లి కూడా అదే పని చేస్తాయి. కూరలో మిగిలిన అన్నాన్ని పిల్లికి పెట్టే అలవాటు అందుకే మంచిది కాదు. ఫినాయిల్‌తో నేల తుడిచినప్పుడు పూర్తిగా ఆరేవరకు పిల్లిని వేరే గదిలో ఉంచాలి.

విషం సోకిందన్న అనుమానం వస్తే

1. పిల్లిని విషపదార్థానికి దూరంగా తీసుకువెళ్లాలి. ఒళ్లు నాకనివ్వకూడదు.

2. లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడికి ఫోన్ చేయాలి. ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు, పిల్లి బరువు ఎంత అన్నవి చెప్పాలి. సీసాను లేదా పొట్లాన్ని, మొక్క అయితే దాని కొమ్మను వెంట తీసుకువెళ్లాలి.

3. ఉప్పునీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించి వాంతి చేయించరాదు. ఉప్పే విషమవుతుంది, పెరాక్సైడ్ కడుపు లోపలి పొరను కాలుస్తుంది. యాసిడ్ వంటివి వాంతిలో పైకి వస్తూ గొంతును మరోసారి దహిస్తాయి.

4. పాలు, నూనె, నెయ్యి విరుగుడన్న నమ్మకాన్ని విడనాడాలి. కలరా ఉండల వంటివి కొవ్వుతో కలిస్తే ఒంటికి మరింత త్వరగా పడతాయి. జింక్ ఫాస్ఫైడ్ విషయంలో ఆహారం పెడితే వాయువు ఇంకా పెరుగుతుంది.

5. బొచ్చుకు నూనె మందు అంటితే గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే ద్రవపు సబ్బుతో కడిగి, ఆరబెట్టి, వెచ్చగా చుట్టాలి. మూర్ఛ వస్తున్నప్పుడు నోట్లో వేలు పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు.

ఢిల్లీలో తీస్ హజారీలోని ప్రభుత్వ పశువైద్యశాల, రాజా గార్డెన్‌లోని సంజయ్ గాంధీ యానిమల్ కేర్ సెంటర్, డిఫెన్స్ కాలనీలోని ఫ్రెండికోస్ ప్రసిద్ధమైనవి. గురుగ్రామ్ నుంచో ఘజియాబాద్ నుంచో ట్రాఫిక్‌లో బయలుదేరే ముందు, ఆ వేళ వైద్యుడు ఉన్నారో లేదో, అవసరమైన మందు ఉందో లేదో ఫోన్‌లో అడగడం వల్ల విలువైన సమయం మిగులుతుంది. రాత్రివేళ తెరిచి ఉండే సమీప ఆసుపత్రి నంబరును ముందే ఫ్రిజ్ తలుపుపై అంటించుకోవాలి. అదే విషాన్ని ఇంట్లో పిల్లవాడు కూడా ముట్టుకుంటే ఆలస్యం చేయరాదు. మనుషుల విషప్రమాదాలపై సలహాలిచ్చేందుకు ఎయిమ్స్‌లో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం పనిచేస్తోంది.

ఎవరైనా ఉద్దేశపూర్వకంగా విషం పెట్టారని తెలిస్తే పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును విషమిచ్చి చంపడం ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడదగిన నేరం. ఇళ్లలో జరిగే ప్రమాదాల్లో ఎక్కువ వాటికి కారణం దురుద్దేశం కాదు, మూత పెట్టని సీసా, బల్లపై మరచిన మాత్ర. వాటిని ఆపడానికి తాళం వేసిన అలమర చాలు.