మీకు తెలుసా? పేరులోనే కొలతలున్న బ్యాటరీ

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు కరెంటు పూర్తిగా ఆపేశాక లోపలి గడియారాన్ని నడిపేది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ల బ్యాటరీ; సీఆర్2032 అన్న పేరులోని అంకెలు ఆ కొలతలే. 3 వోల్టుల ఈ సెల్ నీరసిస్తే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, పాత మదర్‌బోర్డుల్లోనైతే బయోస్ సెట్టింగులూ చెరిగిపోతాయి. తేదీ తప్పితే బ్రౌజర్ అసలైన బ్యాంకు సైటును కూడా అనుమానిస్తుంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు సెల్‌పై భారం దాదాపు ఉండదు. అందుకే పల్లెలోనైనా నగరంలోనైనా, రోజూ గోడ స్విచ్చి ఆపేసే చోట అది త్వరగా అయిపోతుంది. కరెంటు తీయకుండా రీస్టార్ట్ చేసినా సెట్టింగులు పోతుంటే మాత్రం తప్పు సెల్‌ది కాకపోవచ్చు. బోర్డు మీద సెట్టింగులను చెరిపే ‘క్లియర్ సీమాస్’ జంపర్ సరైన పిన్నులకే ఉందో లేదో చూడాలి.