వార్తల్లో పదం: బహిరంగ దహనం

యాసంగి కోతలు ముగిసే వేళ పెద్దపల్లి జిల్లా పొలాల్లో పొగ లేస్తుంది. హార్వెస్టర్ కోసిన మడిలో కొయ్యకాళ్లు మిగులుతాయి. వాటిని దున్నించే ఖర్చు కంటే అగ్గిపుల్ల చవక. వడగాలి తోడైతే మంట గట్టు దాటి పక్క రైతు గడ్డివామును, వరుసగా ఉన్న తాటిచెట్లను అంటుకుంటుంది.

ఇలా ఆరుబయట గడ్డి, ఆకులు, చెత్త తగలబెట్టడమే బహిరంగ దహనం.

అమెరికాలో చాలాచోట్ల ఎండలు ముదిరినప్పుడు కొన్నాళ్లపాటు ‘బర్న్ బ్యాన్’ ప్రకటిస్తారు. మన దగ్గర చెత్త కాల్చడంపై నిషేధం ఏడాది పొడవునా ఉన్నట్టే. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా దాన్ని నిషేధించింది. మామూలుగా కాలిస్తే రూ.5 వేలు, పెద్దమొత్తంలో అయితే రూ.25 వేలు జరిమానా. గోదావరిఖనిలో ఖాళీ ప్లాటు యజమాని ఎండుటాకులు ఊడ్చి, ఓ మూల పోగేసి నిప్పు పెట్టినా ఇది వర్తిస్తుంది. ఆ నిప్పును నిర్లక్ష్యంగా వదిలేసి మనుషుల ప్రాణాల మీదికి తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రూ.2 వేల వరకు జరిమానా, లేదా రెండూ. రిజర్వు అడవిలో నిప్పు పెడితే అటవీ చట్టం కింద నేరం.

బొగ్గు బెల్టులో ఇంకో చిక్కు. కుప్పపోసిన బొగ్గుకు అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. గాలిలోని ఆక్సిజన్‌తో లోలోపల వేడెక్కి తనంతట తానే రాజుకుంటుంది.

అడవిలో మంటలను ఉపగ్రహాలు పసిగడుతున్నాయి. భారత అటవీ సర్వే సంస్థ ఆ సమాచారాన్ని సిబ్బంది ఫోన్లకు ఎస్సెమ్మెస్‌గా పంపుతోంది. ఊళ్లో మంట అదుపు తప్పితే మాత్రం 101కు ఫోన్ చేయాల్సింది పక్కింటివాళ్లే.